ఆరో పేరుకు రాని ఫోను

మెంఫిస్‌లో బుధవారం పొద్దున్న ఆరున్నరకు కారెక్కుతూ కొరిన్ ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా మిసిసిపీలోని సొంతూరు సోరెల్ చేరాలి. అమ్మ చేతి కాఫీ తాగాలి. తాను మళ్ళీ పెళ్ళి చేసుకోబోతున్న సంగతి అమ్మ చెవిన వెయ్యాలి. ఆవిడ అరుస్తే అరుపులు, ఏడిస్తే ఏడుపులు మధ్యాహ్నం భోజనంలోపు ముగించుకుని చీకటి పడకముందే తిరిగి వచ్చెయ్యాలి. వీటన్నిటికీ ఒక్కటే షరతు. ఆ మాట అమ్మ కంటే ముందు సోరెల్‌లో మరే చెవినా పడకూడదు.

ఆ షరతు వెనక ఇరవై రెండేళ్ళ చరిత్ర ఉంది. ఇరవై ఒకటో ఏట కొరిన్ ఎవరికీ చెప్పకుండా పక్క కౌంటీ కోర్టుకు పోయి ఒక గిటారు వాయించేవాణ్ణి పెళ్ళాడింది. ఆ కబురును ఆమె తల్లి ఆర్డెల్ కిరాణా కొట్లో గుడ్ల అర ముందు నిలబడి, మిస్ వైనెల్ నోటివెంట విన్నది. చేతిలో ఉన్న డజను గుడ్లూ అక్కడే నేలపాలయ్యాయి. గిటారువాడు నాలుగేళ్ళకే తన దారి తాను చూసుకున్నాడు కానీ గుడ్లు మాత్రం ఎటూ పోలేదు. క్రిస్మస్‌కి వెళ్ళినా గుడ్లే, పుట్టినరోజుకు ఫోను చేసినా గుడ్లే. "కన్నకూతురి పెళ్ళి గుడ్ల దగ్గర విన్న తల్లిని నేను" అనకుండా ఆర్డెల్ ఏ సంభాషణా ముగించేది కాదు.

ఇప్పుడు కొరిన్‌కు నలభై మూడేళ్ళు. పియానోలు బాగుచేసే లెనార్డ్ అనే మంచి మనిషి దొరికాడు. ఈసారి తల్లికి మొదట చెప్పి, ఆ గుడ్లకు అంత్యక్రియలు చేసెయ్యాలని ఆమె పట్టుదల. లెనార్డ్ తొడిగిన ఉంగరం తీసి కారు డ్రాయరులో దాచింది కూడా. జూన్ నుంచి తొడుక్కుని తిరిగినందువల్ల వేలి మీద తెల్లటి చార పడింది. ఆ చారను ఎక్కడ దాచాలో మాత్రం ఆలోచించలేదు.

ఊరి పొలిమేరలో పెట్రోలు బంకు దగ్గర ఉడకబెట్టిన వేరుశనక్కాయల వాసన తగిలేసరికి ఆమె కారు దానంతటదే ఆగింది. వేడివేడి కాయలు సంచీలో పోయించుకుని వెనక్కి తిరిగితే ఎదురుగా మిస్ వైనెల్. డెబ్బై నాలుగేళ్ళావిడ, పడవంత బ్యూక్ కారుకు ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని సోరెల్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు.

"ఓసి నా తల్లీ! కొరిన్‌వేనా? బుధవారం పూటా?"

సోరెల్ నుంచి వెళ్ళిపోయిన పిల్లలు తిరిగి రావడానికి పండుగలున్నాయి, చావులున్నాయి. ఈ రెండూ లేని అక్టోబరు బుధవారం నాడు వచ్చారంటే ఊరు నిద్రపోదు.

"ఊరికేనండీ మిస్ వైనెల్. అమ్మను చూసిపోదామని."

"ఊరికే ఎవరొస్తారమ్మా రెండున్నర గంటలు కారు తోలుకుంటూ! ఉద్యోగం ఉందా?"

"ఉందండీ."

"ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ."

"మరి కళ్ళెందుకే అంత ఎర్రగా ఉన్నాయి?"

"ఎదురెండలో నడిపానండీ."

మిస్ వైనెల్ చూపు కళ్ళ నుంచి మెడకు, మెడ నుంచి భుజానికి, భుజం నుంచి చేతికి మెల్లగా దిగుతోంది. ఇంకో రెండు జానలు దిగితే వేలి మీది చార. కొరిన్‌కు మరో దారి తోచలేదు. ఎడమ చెయ్యి తీసుకెళ్ళి వేరుశనక్కాయల సంచీలో మణికట్టు దాకా ముంచేసింది. కాయలు అప్పుడే మరుగుతున్న నీళ్ళలోంచి తీసినవి. క్షణంలో ఆమె కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారాయి.

"అయ్యో! ఏడుస్తున్నావే!" అంటూ మిస్ వైనెల్ దగ్గరికొచ్చింది. "ఏమైందో చెప్పు తల్లీ. నాకు కాక ఎవరికి చెబుతావ్?"

ఇంకొక్క ప్రశ్న పడితే పెళ్ళి బయటికొచ్చేస్తుంది. అందుకని కొరిన్ సోరెల్ మొత్తం గౌరవించే ఒకే ఒక్క తాళం తీసి తన నోటికి వేసుకుంది.

"నాదొక చెప్పని విన్నపం ఉందండీ, మిస్ వైనెల్. ప్రార్థన చెయ్యండి."

మిస్ వైనెల్ నోరు ఠక్కున మూసుకుంది. సోరెల్ బాప్టిస్టు చర్చిలో తాతల నాటి కట్టుబాటది. పైకి చెప్పుకోలేని కష్టమేదైనా ఉంటే "చెప్పని విన్నపం" అంటే చాలు. అదేమిటని ఎవరూ అడగకూడదు. అడిగితే విన్నపం మధ్యలోనే ఆగిపోతుందని, ఆ పాపం అడిగినవాళ్ళదేనని అందరి నమ్మకం. ప్రపంచంలో మిస్ వైనెల్‌ను ఆపగలిగింది అదొక్కటే.

"అడగనమ్మా, అడగను" అంది ఆవిడ గుటక మింగుతూ. ఆ మింగడం ఎంత కష్టమైందో చూస్తే జాలేసింది.

అయితే అడగకూడదని ఉంది కానీ ప్రార్థన చెయ్యకూడదని లేదు. ప్రార్థన నలుగురితో కలిసి చేస్తే మరీ మంచిదని బైబిలు వాక్యంలోనే ఉంది. నలుగురు కలవాలంటే ఫోను చెయ్యాలి. దానికోసం చర్చిలో ప్రార్థన వరుస ఉండనే ఉంది. పద్నాలుగు పేర్లున్న ఆ జాబితా పద్నాలుగు వంటిళ్ళలో ఫోను పక్కన అంటించి ఉంటుంది. ఒకటో పేరు రెండో పేరుకు, రెండు మూడుకు, అలా చివరిదాకా. ఎవరి గురించి విన్నపమో వాళ్ళ ఇంటికి మాత్రం ఫోను చెయ్యరు. మర్యాద కాదు కనుక ఆ పేరు దాటేసి తర్వాతి పేరుకు చేస్తారు. ఒకటో పేరు మిస్ వైనెల్. ఆరో పేరు ఆర్డెల్ ప్రూయిట్.

కొరిన్ ఇల్లు చేరేసరికి తలుపు తాళం వేసి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం, కాబట్టి బుధవారం పొద్దున్న అమ్మ జుట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఆర్డెల్ బుధవారాలు తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా నేడీన్ జుట్టు దుకాణంలో ఉంటుంది. అక్కడికి వెళ్ళి చెప్పడమంటే మైకు పెట్టి చెప్పడమే. కొరిన్ పూలకుండీ కింద తాళంచెవి తీసి, లోపలికెళ్ళి, చన్నీళ్ళలో చెయ్యి ముంచుకుని కూర్చుంది.

ఈలోగా వరుస కదిలింది. ఆ సంగతులన్నీ కొరిన్‌కు తర్వాత తెలిశాయి. మనం ఇప్పుడే తెలుసుకుంటే పోయేదేం లేదు. మిస్ వైనెల్ రెండో పేరైన ఫేకి ఫోను చేసి, కొరిన్ వచ్చిందనీ, చెప్పని విన్నపం ఉందనీ, ఏడుస్తోందనీ ఉన్నదున్నట్టే చెప్పింది. ఫే దానికి ఇంకేమీ కలపలేదు. "తల్లి కోసమే వచ్చి ఉంటుంది పాపం, లేకపోతే ఇంకెందుకొస్తుంది" అని మాత్రం అంది. మూడో పేరు జొలీన్ డాక్టరు గారి దగ్గర రిజిస్టరు రాస్తుంది. ఆవిడ రోగుల సంగతి ప్రాణం పోయినా చెప్పదు. "పోయిన గురువారం ఆర్డెల్ రక్తపరీక్షకు వచ్చిందా లేదా అన్నది నేను చెప్పకూడదు" అంది. నాలుగో పేరావిడకు అది చాలు. ఐదో పేరు నేడీన్ దగ్గరికి చేరేసరికి ఆర్డెల్‌కు మూడు నెలలే గడువని ఖాయమైపోయింది.

నేడీన్ ఆ ఫోను దుకాణంలోనే అందుకుంది. మామూలుగా అయితే అక్కడే తల ఆరబెట్టుకుంటున్న ఆర్డెల్‌కు "ఏయ్ ఆర్డెల్, విన్నావా?" అని అరిచి చెప్పేది. ఇవాళ అద్దంలో ఆర్డెల్ వంక ఒకసారి చూసి, ఫోను తీగ సాగినంత మేరా లాక్కుంటూ తువ్వాళ్ళ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. తలుపు కింద తీగ కనబడుతూనే ఉంది. లోపలి నుంచి డయలు తిప్పిన చప్పుడైంది. బయటికొచ్చాక నేడీన్ ఆర్డెల్ భుజం నొక్కి, "ఇవాళ్టికి డబ్బులొద్దులే" అంది.

ఆర్డెల్‌కు డెబ్బై ఒక్క ఏళ్ళు. ప్రార్థన వరుసలో ముప్ఫై ఏళ్ళుగా ఆమెను ఎవరూ దాటెయ్యలేదు. దాటేశారంటే విన్నపం తన గురించే అయి ఉండాలి. డాక్టరు దగ్గర పనిచేసే జొలీన్ వరుసలోనే ఉంది. రక్తం ఇచ్చి వారం కాలేదు. ఇవన్నీ ఆమె ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసింది. పైగా నేడీన్ డబ్బులొద్దన్నది. నేడీన్ తన సొంత చెల్లెలి పెళ్ళినాడు కూడా జుట్టుకు డబ్బులు తీసుకున్న మనిషి.

ఇంటి దగ్గర పదింటికి ఫే వచ్చింది. చేతిలో కోడిమాంసం, అన్నం, పుట్టగొడుగుల సూపు కలిపి కాల్చిన గాజు పళ్ళెం. పళ్ళెం అడుగున టేపు మీద ఆవిడ పేరు. కొరిన్‌ను గట్టిగా కావలించుకుని, ఒక్క మాటా అడగకుండా ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. తన విన్నపం ఫలమే ఇదంతా అని కొరిన్‌కు కాస్త సిగ్గేసింది. తర్వాత బీన్సు వచ్చాయి, పచ్చసొన కలిపి కూరిన గుడ్లు వచ్చాయి. వచ్చినవాళ్ళు కొందరు వెళ్ళారు, కొందరు వంటింట్లోనే కాఫీ పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగడం లేదు. కానీ అడగకుండా చూసే చూపు ఎంత బరువుంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

పదకొండింటికి పాస్టరు గారి భార్య వచ్చింది. ఆవిడ తెచ్చింది హామ్, కాల్చిన పందితొడ. తొడ తొడంతా, మీద అనాసచక్రాలు గుచ్చి, అల్యూమినియం రేకు పళ్ళెంలో. కొరిన్ ఆ పళ్ళెం అందుకోబోయి ఆగింది. ఆమె ఈ ఊళ్ళో పుట్టింది. పేరు రాసిన గాజు పళ్ళెం వచ్చిందంటే జబ్బు. తిరిగి ఇవ్వక్కర్లేని రేకు పళ్ళెంలో హామ్ వచ్చిందంటే చావు. చెప్పని విన్నపాలకు సోరెల్‌లో ఎవరూ పందిని కొయ్యరు.

"మీ అమ్మకు తెలుసా తల్లీ?" అంది పాస్టరు గారి భార్య మెల్లగా.

ఈవిడకు పెళ్ళి సంగతి ఎలా తెలిసిందా అని కొరిన్ అదిరిపడింది. "ఇంకా చెప్పలేదండీ. ఇవాళ నేనే చెబుదామని వచ్చాను. దయచేసి ముందు మీరెవరూ చెప్పకండి."

"ఎంత గుండెధైర్యమే నీది! ఎలా తట్టుకుంటుందో ఏమో."

"మొదటిసారి మీద ఈసారి బాగానే తట్టుకుంటుంది లెండి."

"అవునవును. మీ నాన్న పోయినప్పుడు రాయిలా నిలబడింది."

నాన్నకూ తన పెళ్ళికీ సంబంధమేమిటో కొరిన్‌కు అర్థం కాలేదు. ఆమె తేరుకునేలోగానే పాస్టరు గారి భార్య కళ్ళొత్తుకుంటూ, "డాక్టర్లు ఎన్నాళ్ళన్నారు?" అంది.

"ఏ డాక్టర్లు?"

ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. "అడిగేశాను! ప్రభువా, అడిగేశాను! క్షమించు తల్లీ" అంటూ పెరటి వైపు పరిగెత్తింది.

కొరిన్ హామ్ వంక చూసింది. గోడ మీద క్యాలెండరు వంక చూసింది. పోయిన గురువారం గడిలో అమ్మ గుండ్రటి చేతిరాతతో "డాక్టరు, రక్తం, 9" అని ఉంది. వచ్చే శనివారం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది కానీ ఏమీ రాసి లేదు. శనివారం ఆపరేషనా? లేక ఇంకేమైనానా? ఈ ఊరందరికీ తెలిసింది, తనొక్కదానికే తెలియనిది ఏమిటి? అమ్మ తనకు చెప్పకుండా దాచిందన్నమాట. గుడ్ల మీద విసుక్కుంటూ ఎన్ని ఫోన్లు మధ్యలో పెట్టేసిందో ఆమెకు ఒక్కటొక్కటే గుర్తొచ్చి దుఃఖం పొంగుకొచ్చింది. ఇంకో ఇరవై రెండేళ్ళు ఆ గుడ్ల మాటే వింటాను, అమ్మ ఉంటే చాలనుకుంది.

పన్నెండవుతుండగా ఆర్డెల్ ఇంటికొచ్చింది. వాకిట్లో పదకొండు కార్లు, అరుగు మీద తెలిసిన మొహాలు. వంటింట్లో బల్ల నిండా పళ్ళేలు, వాటి నడుమ హామ్. దాని పక్కన మెంఫిస్‌లో ఉండాల్సిన కూతురు. ఆర్డెల్ హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టి, హామ్ వంక చాలాసేపు చూసింది.

"ఇంత తొందరా?" అంది నెమ్మదిగా.

"అమ్మా!" కొరిన్ వెళ్ళి పట్టుకుంది.

"జుట్టు జాగర్త. ఇప్పుడే పెట్టించుకొచ్చా. నిన్నెవరు పిలిపించారు?"

"ఎవరూ పిలవలేదమ్మా. నేనే వచ్చా."

"సరేలే. నన్ను బాధపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నావు. మంచిపిల్లవి." ఆర్డెల్ కూతురి చెంప నిమిరింది. ఆవిడ కొరిన్‌ను మంచిపిల్ల అని చివరిసారి అన్నది గుడ్ల సంఘటనకు ముందు. దాంతో కొరిన్ అనుమానం రూఢి అయిపోయింది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"అదే విచిత్రం. ఏమీ లేదు. నిన్న పెరట్లో రెండు బుట్టల చిలగడదుంపలు తవ్వా." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, నడుం నిటారు చేసింది. "ఏడవకు. పనులు చూసుకుందాం. ఆ ఇనప మూకుడు నీది. మా అమ్మమ్మ నాటిది. సబ్బు పెట్టి తోమావా, సమాధిలోంచి లేచొచ్చి నెత్తిన మొట్టుతా."

"అలాగేనమ్మా."

"కుట్టుమిషను ఫేకి. దాని కన్ను ఎప్పటినుంచో దాని మీదే ఉంది."

"ఛ, నా కన్నెప్పుడుంది!" అంటూనే ఫే మిషను వైపు చూసింది.

"ఇక నా కేకు" అంది ఆర్డెల్.

ఆర్డెల్ కారమెల్ కేకు రహస్యం కోసం సోరెల్ నలభై ఏళ్ళుగా తపస్సు చేస్తోంది. ఏ పాకం ఎప్పుడు దించుతుందో, పంచదార గట్టిపడకుండా ఏం వేస్తుందో ఆవిడ కన్నకూతురికి కూడా చెప్పలేదు. అరుగు మీదున్నవాళ్ళు తలుపు దాకా వచ్చారు. తలుపు దగ్గరున్నవాళ్ళు బల్ల దాకా వచ్చారు. ఎప్పుడొచ్చిందో మిస్ వైనెల్ అందరి వెనక నిలబడి, కిరాణా రసీదు వెనకవైపు పెన్సిలు ఆనించి పట్టుకుంది.

"దగ్గరికి రా, చెవిలో చెబుతా" అంది ఆర్డెల్. చెవిలో చెప్పినా ఆవిడ గొంతు పెరటిదాకా వినబడుతుంది. "పంచదార మూకుట్లో మాడనివ్వాలి. భయపడి ముందే దించకూడదు. పాలు వెచ్చగా ఉండాలి. వెన్న రెండు దఫాలుగా వెయ్యాలి. అప్పుడు చిట్టచివర, కలుపుతూ కలుపుతూ..."

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఆర్డెల్! శనివారం దాకా కూడా ఆగలేకపోయావా?"

మిస్టర్ ఓథో స్పైవీ. ముప్ఫై ఎనిమిదేళ్ళు సోరెల్‌కు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మ్యాను. అన్నేళ్ళలో ఒక్క పోస్టుకార్డు కూడా చదవలేదని పేరున్నవాడు. ఇప్పుడు ఆదివారం సూటు వేసుకుని, టోపీ గుండెలకు హత్తుకుని, గుమ్మంలో నిలబడి పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"బంకు దగ్గర నువ్వు పోతున్నావంటున్నారు ఆర్డెల్! నేనేమో డాక్టరు దగ్గర్నుంచి ఇప్పుడే వస్తున్నా. నీ కాగితం, నా కాగితం రెండూ నా చేతికే ఇచ్చాడు. రెండూ శుభ్రం అన్నాడు. శుభ్రమైతే ఎలా పోతావ్?"

ఆయన జేబులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద, హామ్ పక్కన పెట్టాడు. బల్లకు దగ్గరగా ఉన్న మెడలన్నీ సాగాయి. కాగితం పైన పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది: పెళ్ళి లైసెన్సు నిమిత్తం రక్తపరీక్ష, మిసిసిపీ రాష్ట్రం.

"పెళ్ళా?" అంది మిస్ వైనెల్. "ఎవరికి?"

"నీకైతే కాదులే" అంది ఆర్డెల్. ఆవిడ కాగితం అందుకుని రెండుసార్లు చదివింది. మొహంలోకి మెల్లగా రంగు తిరిగొచ్చింది, ఆ వెనకే కోపం కూడా. "నేను పోవడం లేదా? మరి వరుసలో నన్నెందుకు దాటేశావే నేడీన్?"

జుట్టు దుకాణానికి మధ్యాహ్నం తాళం వేసి వచ్చిన నేడీన్ తడబడింది. "నీ గురించి అని చెప్పింది నాలుగో పేరు."

నాలుగో పేరావిడ తనకు చెప్పింది జొలీన్ అంది. జొలీన్ డ్యూటీలో ఉంది కాబట్టి తప్పంతా ఆమె మీదికే తోసి, అక్కణ్ణించి ఫే మీదికి, ఫే మీది నుంచి మిస్ వైనెల్ మీదికి వచ్చారు.

"నేను ఒక్క అక్షరం కల్పించలేదు" అంది మిస్ వైనెల్. "చెప్పని విన్నపం ఉందని తనే చెప్పింది. తన నోటితో."

పదకొండు జతల కళ్ళు కొరిన్ మీదికి తిరిగాయి. అడగకూడదు. ఎవరూ అడగలేదు. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారంతే. అమ్మ పోవడం లేదని కొరిన్ మనసు తేలికపడింది. కానీ అంతలోనే పొద్దున్నుంచి కాపాడుకుంటూ వచ్చిన షరతు గుర్తొచ్చింది. ఇంకొక్క నిమిషం ఇక్కడ నిలబడితే మిస్ వైనెల్ చూపు ఆ వేలి మీద పడుతుంది. ఆమె తల్లి చెయ్యి పట్టుకుని, సామాన్ల గదిలోకి లాక్కెళ్ళి, తలుపు మూసి, వీపు ఆనించింది.

గదిలో ఊరగాయ సీసాలు, పిండి డబ్బాలు, ఒక దీపం. తలుపు అవతల అంతమంది ఉన్నా చీమ చిటుక్కుమనడం లేదు.

"అమ్మా, నేను పెళ్ళి చేసుకుంటున్నాను" అంది కొరిన్ గుసగుసగా. "నీకే మొదట చెబుతున్నాను. నీకంటే ముందు ఒక్కరికి కూడా చెప్పలేదు. చెయ్యి కాల్చుకున్నాను కానీ చెప్పలేదు."

ఆర్డెల్ ఆ చెయ్యి అందుకుని దీపం వెలుగులో చూసింది. ఎర్రగా కమిలిన వేళ్ళ మధ్య తెల్లటి చార.

"ఎక్కడివాడు?"

"ఓహాయో."

ఆర్డెల్ ఆ చెయ్యి వదిలేసింది.

"మరి ఆ ఉత్తరాదివాళ్ళలా మొక్కజొన్న రొట్టెలో పంచదార వేసుకుంటాడా?"

"వేసుకుంటాడమ్మా."

"హూఁ." ఆర్డెల్ దీర్ఘంగా నిట్టూర్చింది. "పోనీలే. ఇంతకుముందువాడు ఏమీ వేసుకోకుండానే ఏం ఉద్ధరించాడు. నిన్ను బాగా చూస్తాడా?"

"చూస్తాడమ్మా."

"అయితే తీసుకురా, నేనూ చూస్తా" అని కూతురి తల దగ్గరికి తీసుకుంది, జుట్టు సంగతి కూడా మరిచిపోయి. కొరిన్ ఆ భుజం మీద తలపెట్టి ఇరవై రెండేళ్ళ తర్వాత హాయిగా ఏడ్చింది. ఏడుపు మధ్యలో ఆమెకు ఒక సందేహం వచ్చింది. తల ఎత్తింది.

"అమ్మా, మరి నీ సంగతి? మిస్టర్ స్పైవీ సంగతి నాకెప్పుడు చెబుదామనుకున్నావ్?"

ఆర్డెల్ ఊరగాయ సీసా ఒకటి పక్కకు జరిపింది. "ఆదివారం."

"పెళ్ళి శనివారం కదా."

"అవును."

"ఎక్కడ?"

"పక్క కౌంటీ కోర్టులో." ఆవిడ ఇంకో సీసా జరిపింది. "ఏం చెయ్యమంటావే. డెబ్బై ఒక్క ఏళ్ళకి పెళ్ళంటే నువ్వు నవ్వుతావనుకున్నా. నవ్వుతుందేమోనని భయపడి చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడే తెలిసింది."

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు కానీ తలుపు అవతలి వాళ్ళకు రెండు నవ్వులూ కలిసే వినబడ్డాయి. "గుడ్ల మాట ఇక ఎత్తను" అంది ఆర్డెల్ కళ్ళు తుడుచుకుంటూ. ఈ ఒక్క మాట కోసం కొరిన్ మిసిసిపీ నదిని ఈదమన్నా ఈదేది.

ఆర్డెల్ తలుపు తీసింది. తలుపుకు చెవి ఆనించి ఉన్న మిస్ వైనెల్ దాదాపు పిండి డబ్బాల మీద పడబోయింది.

"అందరూ ఇళ్ళకు పొండి" అంది ఆర్డెల్ నడుం మీద చేతులు పెట్టుకుని. "చెప్పని విన్నపం ఫలించింది. అదేమిటో ప్రార్థన వరుస ప్రకారం ఫోనులో చెబుతా, నేనే మొదలుపెడతా. ఇళ్ళలో లేనివాళ్ళకు అందదు. గాజు పళ్ళేలు తీసుకుపొండి. హామ్ ఉండనివ్వండి, శనివారం విందుకు పనికొస్తుంది."

"ఆర్డెల్, ఆ కేకులో చివర్న వేసేదీ..." అంది ఫే ఆశగా.

"నేను పోయేటప్పుడు చెబుతా."

సోరెల్‌లో అంతవరకూ ఏ కారూ గంటకు ముప్ఫై మైళ్ళ వేగం దాటి పరిగెత్తలేదు. ఆ మధ్యాహ్నం పదకొండు కార్లు వాకిట్లోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడ్డాయి. అన్నిటికంటే ముందు పడవంత బ్యూక్. అరుగు మీద ఓథో స్పైవీ ఒక్కడూ మిగిలి, కాస్త హామ్ కోసుకోవచ్చా అని అడిగాడు.

ఆర్డెల్ ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, గోడ మీది జాబితా వంక చూసింది. తర్వాత డయలు తిప్పింది. "ఫే? నేనే, ఆర్డెల్‌ను. చెబుతున్నా విను..."

కొరిన్ వేలు పెట్టి జాబితా చూపించింది. "అమ్మా, ఒకటో పేరు మిస్ వైనెల్ కదా. ఆవిణ్ణి దాటేశావు."

ఆర్డెల్ ఫోను మీద అరచెయ్యి మూసి, "తెలుసు" అంది.

మర్నాడు పొద్దున్న జొలీన్ డాక్టరు గారి గది తాళం తియ్యడానికి వచ్చేసరికి, ముందురోజు ఫోను రాని మిస్ వైనెల్ అప్పటికే మెట్ల మీద కూర్చుని, రక్తపరీక్ష కోసం చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఉంది.